ఇనుము మీద పాచి

"సిమెంటంటే ఇంటికేసే సిమెంటేనా బాబూ?" అని అడిగింది అమ్మమ్మ.

డాక్టరుగారు నవ్వలేదు. ఆయన మీద నాకు గురి కుదిరింది అప్పుడే. "కాదు మామ్మగారూ, పేరొక్కటే ఒకటి. ఇది ఒక రకం ప్లాస్టిక్. దాంట్లో యాంటిబయాటిక్ పొడి కలిపి, ముద్ద చేసి మీ మోకాల్లో పెడతాం. కొన్ని వారాలుంచి, లోపలంతా శుభ్రపడిందని నమ్మకం కుదిరాక అది తీసేసి కొత్త కీలు వేస్తాం."

"మరి పోయినేడు వేసిందో?"

"అది తీసెయ్యాలండి."

అమ్మమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. ఆ కీలు వేయించుకోమని నెలల తరబడి ఆవిడ వెంట పడింది నేను. తణుకు దగ్గర పల్లెలో ఉన్న మనిషిని హైదరాబాదు తీసుకొచ్చి, ఆపరేషన్ చేయించి, గుడి మెట్లు ఎక్కుతుంటే ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపిందీ నేనే. ఎనిమిదో నెలలో మోకాలు వేడెక్కింది. తొమ్మిదో నెలలో కుట్టు పక్కన చిన్న రంధ్రం పడి చీము కారింది. మాత్రలు వాడితే తగ్గేది, మానేస్తే మళ్ళీ వచ్చేది.

"మాత్రలకి ఎందుకు తగ్గదు బాబూ?"

"ఆ ఇనుము మీద సూక్ష్మజీవులు పొరలా పట్టేశాయండి. మందు ఆ పొరలోకి సరిగ్గా పనిచెయ్యదు."

"పాచి పట్టిందన్నమాట."

ఆయన ఒక్క క్షణం ఆగారు. "అవునండి. అదే."

ఆ తర్వాత చాలా రాత్రులు వార్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఫోన్‌లో నేను చదివిందంతా ఈ పాచి గురించే. ఒంట్లో పెట్టిన ప్రాణం లేని వస్తువు మీద అది పట్టకుండా ఎలా చూడాలన్నది సర్జన్లకి వందేళ్ళ పైబడిన తలనొప్పి. వస్తువుకే మందు పూసి లోపల పెట్టడం అన్నది ఆ కథలో చాలా తెలివైన మలుపు. ఎంత తెలివైనదో, ఎక్కడిదాకా పనికొస్తుందో తెలుసుకోవడం నాకు సొంత అవసరంగా మారింది. ఒకసారి పట్టుబట్టి ఆపరేషన్ చేయించినదాన్ని, రెండోసారి సంతకం పెట్టేముందు కాస్త తెలుసుకుని పెడదామనుకున్నాను.

* * *

పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి ఒకటుంది. కాల్లో ముల్లు దిగితే, ముల్లు బయటికొచ్చేదాకా పుండు మానదు. ఎంత ఆకుపసరు రాసినా, ఎంత కట్టు కట్టినా అంతే. సర్జన్ల పని మాత్రం దీనికి సరిగ్గా తిరకాసు. వాళ్ళు కావాలని ముల్లు దింపి, దాని చుట్టూ పుండు మానాలని కోరుకుంటారు.

1877లో లండన్‌లో జోసెఫ్ లిస్టర్ విరిగిన మోకాలి చిప్పని వెండి తీగతో కలిపి కట్టాడు. మూసి ఉన్న మోకాలిని కత్తితో తెరవడమంటే అప్పట్లో రోగి కాలుకో ప్రాణానికో నీళ్ళు వదులుకోవడమే. లిస్టర్‌కి ఆ ధైర్యం కార్బాలిక్ ఆమ్లం ఇచ్చింది. చేతులు, పనిముట్లు, గాయం, తీగ అన్నీ దాంతో తడిపి పని కానిచ్చాడు. గాయం చీము పట్టకుండా మానింది.

తర్వాత 13 ఏళ్ళకి, 1890లో, బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే సర్జన్ ఇంకో పెద్ద అడుగు వేశాడు. ఏనుగు దంతంతో మోకాలి కీలు చెక్కించి రోగుల కాళ్ళలో పెట్టాడు. ఎముకకి అది అతుక్కోవడానికి చెట్టు బంకలాంటి రెసిన్లతో రకరకాల మిశ్రమాలు వాడి చూశాడు. అంటే ఎముకలో సిమెంట్ అన్న ఆలోచన కూడా ఆయనదే. కీళ్ళు మొదట్లో చక్కగా ఆడాయి. కానీ ఆయన రోగులవి ఎక్కువగా క్షయ పట్టి పాడైన కీళ్ళు. జబ్బు ఎక్కడికీ పోలేదు. కొన్నాళ్ళకి చీము మొదలైంది, దంతపు కీళ్ళు ఓడిపోయాయి. ఆయన పై అధికారి, పేరుమోసిన సర్జన్ ఎర్నెస్ట్ ఫాన్ బెర్గ్‌మన్, ఈ పనిని గట్టిగా వ్యతిరేకించాడు. గ్లుక్ పేరు చాలాకాలం ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

గ్లుక్ ఎందుకు ఓడాడో లెక్క కట్టి చూపించినవాడు స్టీఫెన్ ఎలెక్, 1957లో, లండన్‌లో. ఆయన చేసిన ప్రయోగం చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల చర్మంలోకి స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియాని ఎక్కించి, ఎన్ని ఎక్కిస్తే చీము పడుతుందో చూశాడు. మామూలు చర్మంలో అయితే లక్షల సంఖ్యలో కావలసి వచ్చాయి. అదే చోట ఒక పట్టుదారం ముక్క కుట్టి ఉంచితే సుమారు వంద చాలు.

పల్లెలో ముల్లు గురించి చెప్పే మాటకి అంకెలు దొరికాయి. పరాయి వస్తువు పక్కన ఉంటే మన ఒంటి రక్షణ వేల రెట్లు బలహీనపడుతుంది. ఒక దారప్పోగుకే ఇంత అయితే, అరచేతంత లోహపు కీలు సంగతి చెప్పేదేముంది.

* * *

ఎలెక్ ప్రయోగం వచ్చిన రోజుల్లోనే ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ తుంటి కీలు మార్పిడి మీద పని చేస్తున్నాడు. లాంకషైర్‌లో రైటింగ్టన్ అనే ఊళ్ళో, ఒకప్పుడు క్షయ రోగుల కోసం నడిచిన ఆస్పత్రి ఆయన చోటు. కీలుని ఎముకలో బిగించడానికి ఆయనకి ఏదో ఒకటి కావాలి. మాంచెస్టర్‌లో దంతవైద్య పదార్థాల మీద పని చేసే డెనిస్ స్మిత్ అనే రసాయనవేత్త ఆయనకి యాక్రిలిక్ చూపించాడు. కట్టుడు పళ్ళ సెట్టులో చిగురులా గులాబీ రంగులో ఉంటుందే, అదే పదార్థం. పొడి, ద్రవం కలిపితే ముద్ద అవుతుంది. కొద్ది నిమిషాల్లో వేడెక్కి రాయిలా గట్టిపడుతుంది. పేరు సిమెంటే గానీ అది దేన్నీ అంటించదని చార్న్‌లీ పదే పదే చెప్పేవాడు. మేస్త్రీ ద్వారబంధం చుట్టూ ఖాళీ నింపినట్టు, కీలుకీ ఎముకకీ మధ్య సందు నింపుతుంది. అంతే.

ఇది అమ్మమ్మకి చెప్పాను. గ్లాసు నీళ్ళలో నానుతున్న తన పళ్ళ సెట్టుని చూపించి, "అయితే నోట్లోదీ మోకాల్లోదీ ఒకటే సరుకా?" అంది. ఒకటే సరుకు.

1962లో చార్న్‌లీ పాలిథిలీన్ గిన్నెతో చేసిన తుంటి కీలు ఈ రంగాన్నే మార్చేసింది. కానీ మొదట్లో ఆయన రోగుల్లో ప్రతి 100 మందిలో ఏడుగురికో ఎనిమిదిమందికో లోపల చీము పట్టేది. నడవలేని మనిషిని నడిపిద్దామని మొదలుపెట్టి, అంతకన్నా ఘోరమైన స్థితికి తీసుకెళ్ళడం. ఇది ఆయన్ని తినేసింది. ఎక్కణ్ణుంచి వస్తున్నాయి ఈ క్రిములు? ఆయన అనుమానం గాలి మీదికి పోయింది. ఆపరేషన్ థియేటర్లో మనుషులు కదిలినప్పుడల్లా చర్మం నుంచి రాలే కంటికి కనపడని పొట్టు, దాన్ని పట్టుకుని ఎగిరే బాక్టీరియా, అవి తెరిచిన గాయంలో దిగడం.

హోవర్త్ అనే గాలి యంత్రాల కంపెనీతో కలిసి ఆయన థియేటర్లోనే ఒక అద్దాల గది కట్టించాడు. పైనుంచి వడకట్టిన గాలి ఆగకుండా కిందికి దిగుతూ ఉంటుంది. సర్జన్లు ఒళ్ళంతా కప్పే దుస్తులు వేసుకుంటారు, వాళ్ళు వదిలే ఊపిరిని కూడా గొట్టాలు బయటికి లాగేస్తాయి. ఆ ఫోటోలు చూస్తే చంద్రుడి మీద దిగడానికి సిద్ధమైనవాళ్ళలా ఉంటారు. సహోద్యోగుల్లో నవ్వినవాళ్ళున్నారు. కానీ యాంటిబయాటిక్ సాయం లేకుండానే ఆయన ఇన్ఫెక్షన్లు ఒక శాతం లోపుకి దిగాయి. తర్వాత బ్రిటన్, స్వీడన్లలో 19 ఆస్పత్రుల్లో ఎనిమిది వేలకి పైగా ఆపరేషన్ల మీద పెద్ద పరీక్ష చేసి, 1982లో ఫలితాలు ప్రకటించారు. మామూలు థియేటర్లలో లోతైన ఇన్ఫెక్షన్ 1.5 శాతం, శుద్ధమైన గాలి ఉన్నచోట 0.6 శాతం. చార్న్‌లీ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే.

* * *

సముద్రానికి అవతల, హాంబర్గ్‌లో, హాన్స్ విల్‌హెల్మ్ బుక్‌హోల్ట్స్ అనే సర్జన్ అదే సమస్యని ఇంకోవైపు నుంచి పట్టుకున్నాడు. ఆయన పని చేసే సెయింట్ జార్జ్ ఆస్పత్రిలో కూడా మార్పిడి చేసిన కీళ్ళకి చీము పడుతోంది. గదినెంత కడిగినా ఏదో ఒక క్రిమి దూరుతుంది. దూరినది వెళ్ళి కూచునేది ఆ వస్తువు మీదే. మరి ఆ వస్తువులోనే మందు ఉంచితే?

1960ల చివర్లో ఆయనా ఏంగెల్‌బ్రెక్ట్ అనే సహచరుడూ పాలకోస్ అనే సిమెంట్‌లో రకరకాల యాంటిబయాటిక్ పొడులు కలిపి చూశారు. వినడానికి తేలికగా ఉంది గానీ ఆ పొడి పాస్ కావలసిన పరీక్షలు చాలా ఉన్నాయి. సిమెంట్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి మందు చెడిపోకూడదు. నీళ్ళలో కరగాలి, లేకపోతే బయటికే రాదు. సిమెంట్ బలం తగ్గించకూడదు. చాలా రకాల క్రిముల మీద పనిచెయ్యాలి. వీటన్నిటికీ నిలబడింది జెంటామైసిన్. 1963లో వెలుగులోకి వచ్చిన కొత్త మందు అది. 1970లో వాళ్ళు వ్యాసం ప్రచురించారు. సిమెంట్‌లోంచి మందు మెల్లగా ఊరుతోందని, ఆ చుట్టుపక్కల అది చాలా గాఢంగా ఉంటోందని చూపించారు.

ఇందులో అందం ఏమిటంటే మోతాదు. మాత్రగా మింగినా, సూదిగా ఎక్కించినా మందు ఒళ్ళంతా తిరగాలి. మోకాల్లో చాలినంత మందు ఉండాలంటే కిడ్నీలు, చెవులు ఆ భారం మొయ్యాలి. జెంటామైసిన్ ఆ రెంటికీ కీడు చేసే మందు. సిమెంట్‌లో పెడితే రక్తంలోకి చేరేది బహు కొద్ది, కీలు దగ్గర ఉండేది చాలా ఎక్కువ. ఊరంతటికీ నీళ్ళు పెట్టకుండా మొక్క మొదట్లో పోసినట్టు.

బుక్‌హోల్ట్స్ ఇంకో సాహసం కూడా చేశాడు. చీము పట్టిన కీలుని తీసేసి, అంతా గీకి శుభ్రం చేసి, అదే ఆపరేషన్‌లో మందు కలిపిన సిమెంట్‌తో కొత్త కీలు పెట్టేవాడు. 1981లో 583 మంది రోగుల లెక్క బయటపెట్టాడు. 77 శాతం మందికి నయమైంది. అంతకుముందు వాళ్ళలో చాలామందికి మిగిలిన దారి కీలు లేకుండా కుంటుతూ బతకడమే. మా అమ్మమ్మకి చెప్పినట్టు మధ్యలో కొన్ని వారాలు ఆగి రెండు విడతలుగా చెయ్యడం తర్వాత చాలా దేశాల్లో అలవాటైంది.

పాలకోస్ సిమెంట్ ఆకుపచ్చగా ఉంటుంది. ఎముక తెల్లన కాబట్టి తేడా తెలియాలని రంగు వేస్తారు. ఆ రంగు క్లోరోఫిల్, అంటే చెట్ల ఆకుల్లో ఉండేదే. ఈ ముక్క ఎందుకో నాకు చాలా నచ్చింది.

* * *

ఇంత తెలిసినా, మాత్రలకి ఎందుకు తగ్గలేదన్న అమ్మమ్మ ప్రశ్నకి వీళ్ళెవరి దగ్గరా పూర్తి జవాబు లేదు. ఆ జవాబు కొండవాగుల్లో దొరికింది. కెనడా శాస్త్రవేత్త విలియం కాస్టర్టన్ చల్లటి వాగుల్లో రాళ్ళని పరిశీలించాడు. నీళ్ళలో బాక్టీరియా కొద్దిగా ఉంటే, రాళ్ళ మీది జారుడు పొరలో కిక్కిరిసి ఉన్నాయి. బాక్టీరియాకి విడిగా ఈదడం అప్పుడప్పుడు చేసే ప్రయాణం. కాపురం మాత్రం ఏదో ఒక ఉపరితలం మీద, తాము ఊరించుకున్న జిగట పదార్థంలో, గుంపుగా. 1978లో ఆయన ఈ సంగతి సాధారణ పాఠకులకి అర్థమయ్యేలా రాశాడు. 1982లో ఆయన బృందం ఒక రోగి గుండెలోంచి తీసిన పేస్‌మేకర్ తీగని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, వాగులో రాయి మీద ఉన్నదే దాని మీదా కనపడింది.

ఇంగ్లీషులో దీనికి కొత్తగా బయోఫిల్మ్ అని పేరు పెట్టుకున్నారు. మనకా అవసరం లేదు. నీళ్ళ తొట్టిలో పట్టేదీ, బావి మెట్ల మీద జారేదీ, పొద్దున్నే పళ్ళ మీద ఉండేదీ అన్నీ మనకి పాచే. 1683లో డచ్చి వర్తకుడు లేవెన్‌హుక్ తన భూతద్దం కింద పెట్టి చూసింది కూడా పళ్ళ పాచే. బాక్టీరియాని మనిషి గుర్తించిన తొలి రోజుల్లోనే అవి పాచి రూపంలో ఉన్నాయి. ఆ తర్వాత ప్రయోగశాలల్లో వాటిని విడివిడిగా పెంచడం అలవాటై, గుంపు సంగతి దాదాపు మూడు వందల ఏళ్ళు వెనక్కిపోయింది.

పాచిలో ఉన్న బాక్టీరియాని చంపాలంటే విడిగా ఉన్నవాటికన్నా వందల రెట్లు ఎక్కువ మందు కావాలి. లోపలి పొరల్లో కొన్ని నిద్రపోయినట్టు ఉంటాయి. పెరిగే క్రిమిని దెబ్బతీసే మందులు పెరగని క్రిమిని ఏం చెయ్యలేవు. అమ్మమ్మకి మాత్రలు వేసినప్పుడల్లా చచ్చింది పాచిలోంచి ఊడి బయటికొచ్చినవి. మాత్రలు ఆగగానే కాపురం మళ్ళీ పెరిగింది.

ఇక్కణ్ణుంచి చూస్తే బుక్‌హోల్ట్స్ సిమెంట్ చేసే పని ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. 1987లో ఆంథొనీ గ్రిస్టినా అనే అమెరికా సర్జన్ దీన్ని పరుగు పందెం అన్నాడు. ఒంట్లో పెట్టిన వస్తువు మీద ముందు మన కణాలు చేరితే అవి దాన్ని కప్పేస్తాయి, క్రిములకి చోటుండదు. ముందు క్రిములు చేరితే పాచి పడుతుంది. తర్వాత ఎన్ని మాత్రలు వేసినా ఆలస్యమే. వస్తువు మీద పూసిన మందు ఆ పందెంలో మనవాళ్ళకి కొన్ని గంటలు, కొన్ని రోజులు ముందు బయల్దేరే అవకాశం ఇస్తుంది. పట్టిన పాచిని వదిలించడం దానికి చాలా కష్టం.

* * *

సిమెంట్ అవసరం లేని వస్తువులు ఒంట్లోకి ఇంకా చాలా వెళ్తాయి. రక్తనాళంలో పెట్టే గొట్టాలు, తలలో నీరు చేరిన పిల్లలకి వేసే షంట్‌లు, పేస్‌మేకర్లు. వీటికి మందు పూయడమో, సిలికోన్‌లోకే మందు ఇంకేలా చెయ్యడమో 1980ల నుంచి మొదలైంది. వీటిల్లో బాగా నిలబడ్డ జంట మినోసైక్లిన్, రిఫాంపిసిన్. ఈ రెండు పేర్ల వెనక కథ తెలిశాక నేను వార్డులో అర్ధరాత్రి అమ్మమ్మని లేపి మరీ చెప్పాను.

రిఫాంపిసిన్ తాతముత్తాత ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, సాన్ రఫాయెల్ దగ్గర పైన్ చెట్ల అడవిలో 1957లో తీసిన మట్టిలో దొరికింది. దాన్ని పట్టుకున్న మిలాన్‌లోని లెపెతీ ప్రయోగశాల వాళ్ళు అప్పుడు జనం విరగబడి చూస్తున్న రిఫిఫి అనే దొంగల సినిమా పేరు దానికి ముద్దుపేరుగా పెట్టుకున్నారు. అది కాస్తా రిఫామైసిన్ అయింది.

మినోసైక్లిన్ కథ మా జిల్లా దాకా వస్తుంది. అది టెట్రాసైక్లిన్ కుటుంబం. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్, మిస్సోరీలోని ఒక పొలం మట్టిలోంచి బెంజమిన్ డగ్గర్ తీసినది. ఆయన్ని పనిలోకి తీసుకుని, ఆ పరిశోధనంతా నడిపించిన మనిషి లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగం అధిపతి, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఆరియోమైసిన్ బయటికొచ్చింది. ఆ ఆగస్టులోనే ఆయన నిద్రలో పోయారు. తర్వాత అదే లెడర్లీలో, అదే కుటుంబం మీద పని సాగించినవాళ్ళు మినోసైక్లిన్ తయారుచేశారు. అది వాడకంలోకి వచ్చేది 1971లో.

"భీమవరం ఆయనా?" అంది అమ్మమ్మ నిద్రకళ్ళతో. "మరి ఆ మందే నాకూ పెట్టమను."

అలా కుదరదు గానీ, ఆ మందు గుండె దగ్గర పనిచేస్తోంది. పేస్‌మేకర్‌ని ఇప్పుడు సన్నటి వలలాంటి సంచిలో పెట్టి చర్మం కింద దూర్చే పద్ధతి ఉంది. వలకి ఈ రెండు మందులూ పూసి ఉంటాయి. కొన్ని వారాల్లో వల కరిగిపోతుంది. 2019లో దాదాపు ఏడు వేల మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. సంచి లేనివాళ్ళలో పెద్ద ఇన్ఫెక్షన్లు 1.2 శాతం, ఉన్నవాళ్ళలో 0.7 శాతం. అదే ఏడాది షంట్‌ల మీద బ్రిటన్, ఐర్లండ్‌లలో 1,605 మందితో ఇంకో పరీక్ష జరిగింది. మామూలు షంట్‌లలో ఇన్ఫెక్షన్ 6 శాతం, వెండి కలిపినవాటిలో కూడా 6 శాతమే, యాంటిబయాటిక్ ఇంకించినవాటిలో 2 శాతం. ఆరు రెండు కావడం కాగితం మీద చిన్న విషయంలా కనపడొచ్చు. తలలో గొట్టం ఉన్న బిడ్డని ఒళ్ళో పెట్టుకున్న తల్లికి అది చిన్నది కాదు.

* * *

ఇక్కడితో ఆపేస్తే ఇది విజయగాథ. కానీ నా చేతిలో అప్పటికి అమ్మమ్మ కల్చర్ రిపోర్టు ఉంది.

ఆ కాగితం చూడ్డం తెలిస్తే భయపెడుతుంది. ఎడమవైపు మందుల పేర్లు, ప్రతి పేరు పక్కన ఆర్ అనో ఎస్ అనో ఒక్క అక్షరం. ఎస్ అంటే క్రిమి ఆ మందుకి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. అమ్మమ్మ మోకాల్లోంచి తీసిన స్టెఫిలోకాకస్‌కి జెంటామైసిన్ పక్కన ఆర్ ఉంది. పాత ఫైలు తిరగేశాను. మొదటి ఆపరేషన్ కాగితాల మీద అతికించిన స్టిక్కర్లలో సిమెంట్‌ది కూడా ఉంది. జెంటామైసిన్ కలిపిన సిమెంటే.

ఆ మందు వల్లే ఆ క్రిమి మొండిది అయిందని ఒక్క మనిషిని చూసి చెప్పలేం. ముందే మొండిదైన క్రిమే వచ్చి కూచుని ఉండొచ్చు. డాక్టరుగారు కూడా ఇదే మాట అన్నారు. కానీ ఆ అనుమానం పాతదే. సిమెంట్‌లోంచి మందు మొదటి కొద్దిరోజులు జోరుగా ఊరుతుంది, తర్వాత సన్నగిల్లుతుంది. కలిపినదాంట్లో చాలా భాగం లోపలే చిక్కుకుపోతుంది, కొద్ది కొద్దిగా మాత్రం చాలాకాలం కారుతూనే ఉంటుంది. క్రిమిని చంపడానికి చాలని, మొండితనం నేర్పడానికి మాత్రం సరిపోయే మోతాదు అది. జెంటామైసిన్ సిమెంట్ వాడిన కీళ్ళకి తర్వాత ఇన్ఫెక్షన్ వస్తే, ఆ క్రిములు జెంటామైసిన్‌కి లొంగకపోవడం ఎక్కువగా కనపడుతోందని 1989లోనే బ్రిటన్ డాక్టర్లు రాశారు. యూరప్‌లో 1970ల నుంచి ఈ సిమెంట్ మామూలైపోయినా, అమెరికాలో 2003 దాకా అనుమతి రాలేదు. అప్పుడు కూడా మొదటి కీలుకి కాకుండా, చీము పట్టి తీసేసినచోట మళ్ళీ వేసే కీలుకే.

వాదనకి రెండోవైపు బలమూ తక్కువది కాదు. నార్వే వాళ్ళు 1987 నుంచి దేశంలో వేసిన ప్రతి తుంటి కీలుకీ లెక్క రాస్తున్నారు. సూదిమందుకి తోడు సిమెంట్‌లో కూడా మందు ఉన్నవాళ్ళలో కీలు మళ్ళీ మార్చాల్సి రావడం తక్కువని ఆ లెక్కలు చెప్పాయి. అయితే మందు పెంచినకొద్దీ మంచిదా? 2023లో బ్రిటన్‌లో తుంటి విరిగిన 4,900 మందికి పైగా వృద్ధుల మీద పరీక్షించారు. సగం మందికి ఒక మందున్న సిమెంట్, సగం మందికి రెండు మందులు ఎక్కువ మోతాదులో ఉన్న సిమెంట్. ఇన్ఫెక్షన్లు 1.7 శాతం, 1.2 శాతం. ఆ తేడా యాదృచ్ఛికం కాదని నమ్మకంగా చెప్పేంతటిది కాదు.

ఇవన్నీ చదువుతుంటే నాకు గుర్తొచ్చింది మా ఇంట్లో మందుల డబ్బా. అమ్మమ్మకి జలుబు చేస్తే మెడికల్ షాపు నుంచి రెండు రోజుల యాంటిబయాటిక్ తెచ్చిచ్చేది ఎవరు? నేనే. తగ్గాక మిగిలినవి డబ్బాలో దాచేది ఆవిడ. హైదరాబాదు పక్కనే పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. బుక్‌హోల్ట్స్ ఆలోచన మొత్తం మందుని కావలసినచోట, కావలసినంతసేపు ఉంచడం. మేం డబ్బాలోనూ, షాపులోనూ, వాగులోనూ దానికి తలకిందులు చేసి పెట్టుకున్నాం. చార్న్‌లీ అద్దాల గది కూడా అందుకే నాకు ఇప్పుడు ఇంకా పెద్దదిగా కనపడుతోంది. క్రిమి ఎప్పటికీ మొండికెయ్యలేని పద్ధతి అదొక్కటే. శుభ్రమైన గాలికి ఆర్ అనే అక్షరం లేదు.

* * *

సంతకం పెట్టాను. ఈసారి అమ్మమ్మ మోకాల్లో పెట్టిన దిమ్మలో వాంకోమైసిన్ కూడా కలిపారు. దాని పక్కన ఎస్ ఉంది. అది బోర్నియో అడవి మట్టిలోంచి వచ్చినది, ఒక మతప్రచారకుడు అమెరికాకి పంపిన మట్టి. ఆరు వారాలు చేతికి సూదిమందు, వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా నడక, వంగని మోకాలు. అంతకుమించి రెండు నెలలు ఇంట్లో ఎదురుచూపు. రక్తపరీక్షలు రెండుసార్లు బాగా వచ్చాక దిమ్మ తీసి కొత్త కీలు వేశారు.

తీసిన దిమ్మ చూపించమని అమ్మమ్మ పట్టుబట్టింది. అది బయటికివ్వకూడదన్నారు. డాక్టరుగారు తన ఫోన్‌లో ఫోటో చూపించారు. లేత పచ్చగా, మోకాలి ఆకారంలో, అక్కడక్కడ రక్తపు మరకలతో. "నా పళ్ళ సెట్టుకి చుట్టంలాగే ఉందిలే" అంది.

ఇప్పుడు తణుకు దగ్గర ఊళ్ళోనే ఉంది. పోయిన నెల వెళ్ళాను. రాత్రి భోజనాలయ్యాక పళ్ళ సెట్టు తీసి, బ్రష్షుతో రుద్ది, గ్లాసు నీళ్ళలో వేసింది. మందుల డబ్బా అడిగితే చూపించింది. మిగిలిపోయిన మాత్రలు లేవు.

"దీన్నయితే రోజూ తీసి పాచి వదలగొట్టుకుంటున్నాను" అంది గ్లాసుని చూపిస్తూ. తర్వాత మోకాలి మీద చెయ్యి వేసుకుని, "దీన్నెలా తీస్తామే?" అంది.

నేనేం చెప్పలేదు. మోకాలి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది.